మూడో షెడ్డు మడి

“తెల్లజొన్న విత్తనాలు ఉండాయా?”

కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి ఆ మనిషి అడిగాడు.

“ఉండాయి. కానీ ఈ ఏడు మొలిచేవి గావు,” అన్నాడు కృపావరం.

ఇక మూడో మాట ఆ మనిషిది. ‘మొలవకున్నా పర్వాలేదు, కోళ్లకు’ అనాలి. అప్పుడే కౌంటరు పక్క తలుపు తీయాలి. ఎదురుగా నిలబడింది తోడబుట్టినవాడైనా సరే, మూడో మాట లేకుండా తలుపు తీయకూడదు. నంద్యాల సెక్షన్ రూలు అది.

నిలబడింది జాన్. ఇద్దరూ ఒకే గూఢచారి శాఖలో తొమ్మిదేళ్లు పనిచేశారు. రెండు నెలల కిందట జాన్ కూలీ వేషంలో ఆళ్లగడ్డ పోయాడు. పోయినప్పుడు డెబ్బై కిలోల మనిషి. ఇప్పుడు చొక్కాను హ్యాంగరుకు తగిలించినట్టున్నాడు.

జాన్ నోరు తెరిచాడు. మాట రాలేదు. గొంతు దగ్గర చిన్న కూత వినిపించింది. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. జేబులోంచి అగ్గిపెట్టె తీసి కౌంటరు మీద పెట్టాడు. దాని చుట్టూ టేపు చుట్టి ఉంది. తరువాత మూడు వేళ్లు చూపించాడు.

మూడో మాటకు ఊపిరి చాలడం లేదని చెబుతున్నాడనుకున్నాడు కృపావరం. రూలు పక్కన పెట్టి తలుపు తీశాడు. అప్పటికే జాన్ విత్తనాల బస్తాల మీదికి ఒరిగిపోయాడు. డాక్టరు వచ్చి నాడి చూసి తల అడ్డంగా ఊపాడు.

శనివారం పొద్దున పదకొండు గంటలు.

కృపావరం అగ్గిపెట్టె టేపు మీద గోరు పెట్టాడు.

“తెరవొద్దు!”

వెనక గది గుమ్మంలో వరదరాజులు నిలబడి ఉన్నాడు. ఆ విత్తనాల అంగడికి ఓనరు. అది బోర్డు మీద. అసలు ఉద్యోగం సెక్షన్ చీఫ్. అరవై దగ్గర పడిన అహోబిలం మనిషి. నుదుట నామం చెరగదు, గొంతు పైకి లేవదు. ఆ రోజు లేచింది.

“తడిగుడ్డలో చుట్టు. కవర్లో పెట్టు. దాన్ని ఇంకో కవర్లో పెట్టు. చేతులు కడుక్కో. ఆ తరువాత లోపలికి రా.”

వెనక గదిలో ఫ్యాను ఆపేసి ఉంది.

“జాన్‌ను చంపింది ఎవరయ్యోరా?”

“గాలి,” అన్నాడు వరదరాజులు. “గాలిలో కలిసిన పొడి. బెరీలియం ఆక్సైడ్. బెరీలియం అనేది ఒక లోహం. రాకెట్లకు, అణు రియాక్టర్లకు కావాలి. దేశం దాటించకూడని సరుకు. ఒక ల్యాబ్‌కు పోవలసిన ముప్పై కిలోలు మూడు నెలల కిందట దారిలో మాయమైంది. సముద్రం అవతలి ముఠా ఒకటి దాన్ని ఆళ్లగడ్డలో ఒక శిల్పశాల మీదుగా పంపిస్తాందని జాన్ మొన్న కబురు పెట్టినాడు. అంతవరకే చెప్పినాడు.”

“చూసేదానికి ఎట్లుంటాది?”

“జొన్నపిండి మాదిరి. తెల్లగా, మెత్తగా. వాసన లేదు. ముక్కులో మంట లేదు. పీల్చినోడికి పీల్చినట్టే తెలీదు. ఎక్కువ పీలిస్తే జాన్ మాదిరి వారాల్లో పోతాడు. కొంచెం పీలిస్తే కొందరికి ఏమీ కాదు, కొందరికి పదేండ్ల తరువాత ఊపిరితిత్తులు గట్టిపడతాయి.”

“మందు?”

“పూర్తిగా నయం చేసేది లేదు. బేగా కనిపెట్టి, ఆ దుమ్ము నుంచి దూరం చేసి, మందులిస్తే మనిషిని నిలబెట్టొచ్చు. అందుకే చెప్తాండా, విను. ఆ పొడి కనపడితే ముందు తడుపు, తరువాత తుడువు. పొడిగా ఊడ్చనియ్యద్దు. గాలి కొట్టనియ్యద్దు. అది ఉన్న చోట తినొద్దు, తాగొద్దు. పనిబట్టలతో ఇంటికి పోవద్దు. బయటికొచ్చినాక తానం చేసి వేరే గుడ్డలు కట్టుకో.”

బల్ల మీద రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి ఎర్ర గళ్ల తుండుగుడ్డ. మడతల నడుమ సన్నటి ఫిల్టరు కుట్టి ఉంది. రెండోది పాత రేడియో. పాటలు వస్తాయి. లోపల చిన్న పంపు గాలిని పీల్చి, దుమ్మును ఒక బిళ్ల మీద పట్టుకుంటుంది.

“తుపాకీ?”

“పాలిష్ కూలీకి తుపాకీ ఎందుకప్పా? ఇంకొకటి. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. రెండేండ్లుగా మనకు వార్తలు ఇస్తాంది. పేరు సీతాకోక. ఆమే నిన్ను పలకరిస్తుంది. ఆపరేషన్ పేరు జొన్నపిండి.”

“ఆమె ఉండి జాన్‌ను కాపాడలేదే?”

వరదరాజులు రేడియోను అతని వైపు జరిపాడు. కృపావరం తుండు భుజాన వేసుకున్నాడు. అతని నాయన సంజామల పక్క నాపరాయి గనిలో బండలు కొట్టి, నలభై ఐదేళ్లకే దగ్గి దగ్గి పోయాడు. ఆ సంగతి సర్వీసు ఫైలులో లేదు.

*

సోమవారం పొద్దునకల్లా కృపావరం ఆళ్లగడ్డలో అవుకు నుంచి వచ్చిన పాలిష్ కూలీ అయ్యాడు. పేరు ఎవరూ అడగలేదు. అవుకన్న అన్నారు.

శిల్పశాలలో మూడు షెడ్లు. మొదటి దానిలో రాయి కోస్తారు. రెండో దానిలో ఉలి పని. మూడో దానిలో పాలిష్. మూడో షెడ్డు గడప దాటుతుండగా జాన్ చూపించిన మూడు వేళ్లు గుర్తుకొచ్చి కృపావరం కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. అతను చూపించింది మూడో మాటను కాదు.

షెడ్డు నడుమ తొమ్మిదడుగుల నరసింహస్వామి, నల్లరాయి. విదేశంలో కొత్తగా కట్టిన గుడికి పోవాలి. పక్కనే పీఠం తలకిందులుగా పడుకుని ఉంది. దాని కడుపులో మనిషి కూర్చునేంత గుంత. బరువు నిలబడడానికి ఆ గుంతలో ఏదో తెల్లపొడి నింపాలని గుడి ట్రస్టు చెప్పిందట. గోడ వారన పాలిష్ పౌడరు అని రాసిన సంచులు ఉన్నాయి. రెండు ఖాళీ అయ్యాయి. ఒకటి మూతి విప్పి ఉంది.

మధ్యాహ్నం అందరూ ఆ సంచుల పక్కనే సద్ది విప్పారు.

మేస్త్రి ప్రతాప్ తుండు తీసి టపటపా దులిపాడు. తెల్లటి మబ్బు లేచింది. అదే తుండు నేల మీద పరిచి, దాని మీద జొన్నరొట్టె పెట్టుకుని, ఊరిబిండి పచ్చడి అద్దుకుని వేళ్లు నాకాడు. మిగిలినవాళ్లూ తుండ్లు దులిపారు. రాతిపనిలో తరతరాలుగా అంతే. తుండు దులిపితే పని ఆగినట్టు, మళ్లీ నెత్తికి చుడితే మొదలైనట్టు.

కృపావరం దులపలేదు. రొట్టె తీసుకుని బయటికి నడిచాడు.

“ఏందప్పా అవుకన్నా,” ప్రతాప్ కేకేశాడు. “కొత్త పెండ్లికూతురు మాదిరి మొగం కప్పుకోని యాడికి పోతాండావ్?”

“దుమ్ము పడదన్నా.”

“దుమ్ము పడనోడివి రాతిపనికి ఎందుకొచ్చినావప్పా? పొయ్యి పూలంగడి పెట్టుకో.”

అందరూ నవ్వారు. లింగమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలో దగ్గయింది. దగ్గు ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆమె నల్లమల అంచు పల్లె మనిషి. యాభై దాటింది. మూడో షెడ్డు ఊడ్చేది, పీఠంలో పొడి నింపేది ఆమే.

“ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచక్కా?”

“నెలన్నర అయితాందప్పా. గుట్టెక్కితే ఆయాసం. ముందు కట్టెల మోపు నెత్తిన పెట్టుకోని ఎక్కేదాన్ని. జాన్ అని ఒకడుండె, వానికీ ఇట్లే. ఊరికి పొయ్యినాడంట. బాగైనాదో లేదో పాపం.”

కృపావరం చేతిలో రొట్టె అలాగే ఉంది. చెప్తే వేషం పోతుంది, ముఠా జారిపోతుంది. చెప్పకపోతే సాయంత్రం ఈ మనిషి చీపురు పట్టుకుంటుంది.

సాయంత్రం ఆమె చీపురు తీసింది. కృపావరం కాలు తగిలి నీళ్లకుండ పడిపోయింది. షెడ్డంతా తడిసింది.

“చేతకాని నాయాలా! చూసి నడువ్!” అన్నాడు ప్రతాప్.

మంగళవారం బకెట్ పడిపోయింది. బుధవారం పైపు ఊడిపోయింది. లింగమ్మ తడినేల మీద గోనెపట్ట ఈడుస్తూ తిట్టింది. “నిన్ను కన్నతల్లి యాడుందో గానీ, ఆమెకు దండం పెట్టాలప్పా.”

*

ఆ మంగళవారమే పొద్దున పదిన్నరకు తెల్లకారు వచ్చింది. షెడ్డుకు చాలా దూరంగా, గాలి వచ్చే వైపు ఆగింది. దిగిన ఆమె పేరు హేమలత. గుడి ట్రస్టు తరఫు మనిషి. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, ఎర్రటి పెదవులు. ఉలి పట్టిన చేతులన్నీ ఒక దెబ్బ తప్పాయి.

ఆమె కారు డోరు దగ్గరే చెప్పులు విప్పి, సంచిలోంచి వేరే చెప్పులు తీసి వేసుకుంది. షెడ్డు గడప దాటలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటి నుంచే విగ్రహాన్ని చూసింది. ప్రతాప్ టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. పోయేటప్పుడు ఆ చెప్పులు విప్పి కవర్లో మూతి కట్టింది.

“ఎంత మడి చూడప్పా,” లింగమ్మ గొంతు తగ్గించి చెప్పింది. “ఈడ నీళ్లు గూడ తాగదు. ఎవర్నీ తాకదు. నా కూతురు దుర్గ ఆయమ్మ దిగిన లాడ్జిలోనే గదులు తుడుస్తాది. ఈడ నుంచి పోతానే తలకు పోసుకుంటదంట. కట్టిన చీర మళ్లీ కట్టదు. కవర్లో కట్టి పక్కన పెడతాదంట. ఈ కాలంలో ఇంత మడి కట్టేటోళ్లు యాడుండారు?”

హైవే టీ కొట్టు దగ్గర కృపావరం పక్కన ఆ కారు మళ్లీ ఆగింది. అద్దం నాలుగు వేళ్లు దిగింది. లోపల హేమలత.

“ఇక్కడ తెల్లజొన్న విత్తనాలు దొరుకుతాయా?”

“దొరుకుతాయి. కానీ ఈ ఏడు మొలిచేవి గావు.”

“మొలవకున్నా పర్వాలేదు, కోళ్లకు.”

జాన్ చెప్పలేక చచ్చిపోయిన మాట ఆమె నోట చాలా సులువుగా వచ్చింది.

“సరుకు ఇంకా రాలేదు,” అంది సీతాకోక. “శుక్రవారం వస్తుంది. ఎక్కడ పెడతారో నాకూ తెలియదు. మనిషి మాత్రం ప్రతాప్. శుక్రవారం పట్టుకోండి, ముఠా మొత్తం దొరుకుతుంది. అంతవరకు నువ్వు కూలీవి. చీఫ్‌కు కూడా ఇదే చెప్పాను.”

“జాన్?”

“పాపం. ప్రతాప్‌కు అనుమానం వచ్చింది.” ఆమె అద్దం ఎక్కించింది. సెంటు వాసన కాసేపు రోడ్డు మీద నిలిచింది.

కృపావరం రేడియోలోని బిళ్ల తీసి, కవర్లో పెట్టి, టిఫిన్ క్యారియర్లో దాచాడు. చాగలమర్రి నుంచి నంద్యాల పోయే బస్సులో డ్రైవరుకు ఇచ్చాడు. డ్రైవరూ శాఖ మనిషే.

*

గురువారం తొమ్మిదిన్నరకు శిల్పశాల ముందు లారీ ఆగి ఉంది.

“ముహూర్తం ముందుకు జరిగిందంట,” అన్నాడు ప్రతాప్. “పదిన్నరకే సాగనంపాల. పీఠంలో ఆఖరి సంచి గూడ పొయ్యాల. రాండప్పా, రాండి!”

ఊరి ఆడవాళ్లు ఎనిమిది మంది పసుపునీళ్ల బిందెలతో వచ్చారు. విగ్రహం శిల్పశాల దాటేటప్పుడు లారీ ముందు నీళ్లు వారపోయడం అక్కడి వాడుక. బిందెను నడుము మీద వంచి, ధార తెగకుండా, నేల మీద చుక్క ఎగరకుండా పోస్తారు. నీళ్లు చిమ్మితే అపచారమంటారు.

కృపావరం దొడ్డి వెనక్కి పోయి ఫోను తీశాడు. అది అప్పటికే మోగుతోంది.

“బిళ్ల మీద బెరీలియం ఉంది,” అన్నాడు వరదరాజులు. “లెక్కకు మించి ఉంది. సరుకు మూడో షెడ్డులోనే ఉంది కృపావరం! రాలేదని సీతాకోక ఎట్ల చెప్పింది? ఆమెకు తెలీలేదేమో.”

“అయ్యోరా, ఒకటి అడుగుతా. మడి అంటే ఏంది?”

“ఇప్పుడు మడి ఎందుకప్పా?”

“చెప్పండి.”

“తానం చేసి, ఆరేసిన గుడ్డ కట్టుకోని, ఎవర్నీ తాకకుండా దేవుని కాడికి పోవడం. మా నాయన యాభై ఏండ్లు కట్టినాడు.”

“తానం ముందా? తరువాతా?”

“ముందే గదప్పా. లోపలికి పొయ్యేదానికి ముందు. బయటికొచ్చినాక ఎందుకు చేస్తారు?”

“ఈయమ్మ బయటికొచ్చినాక చేస్తాంది. తలకు పోసుకుంటాంది. చెప్పులు మారుస్తాంది. గుడ్డలు కవర్లో కట్టేస్తాంది. ఈడ చుక్కనీళ్లు తాగదు. శనివారం మీరు నాకు చెప్పినవన్నీ చేస్తాంది అయ్యోరా. సరుకు యాడుందో తెలీనోళ్లు చేసే పనులు గావు. ప్రతాప్ తుండు దులిపి దాని మీదే రొట్టె తింటాడు. వానికి ఏమీ తెలీదు.”

సీతాకోకను శాఖలోకి తెచ్చింది వరదరాజులే.

“జీపులు శుక్రవారానికి పెట్టుకున్నాను,” అన్నాడు ఆయన. “ఇప్పుడు బయల్దేరినా ముప్పావు గంట. చాగలమర్రి కాడ రోడ్డు మూయిస్తా.”

“లారీ ఆడిదాకా పోకూడదయ్యోరా. దారిలో పీఠం పగిలినా చాలు, పొడి ఊర్ల మీదికి లేస్తాది. నేను చూసుకుంటా.”

మొదట లింగమ్మ దగ్గరికి పోయాడు. ఆమె బిందె నింపుకుంటోంది.

“అక్కా. జాన్ ఊరికి పోలేదు. చచ్చిపోయినాడు. పీఠంలో పోసిన పిండే చంపింది. నేను కూలీని గాను, సర్కారు మనిషిని.”

లింగమ్మ బిందె కింద పెట్టలేదు. అతని మొహం వైపు చూసింది.

“అందుకేనా దినామూ నీళ్లు ఒలకబోస్తివి?”

“ఊ.”

“మరి నేను?”

“నా మాట వింటే ఆస్పత్రిలో చూపిస్తా. నిలబెడతారు.”

“నా చీర దుర్గ ఉతుకుతాదప్పా. ముందు దులిపి ఉతుకుతాది.” ఆమె తన కొంగు వైపు చూసుకుంది. “దానికీ?”

“దానికీ చూపిస్తాం. ఇప్పుడు ఒక పని చెయ్యాల. ఆడోళ్లను పీఠం చుట్టూ నిలబెట్టు. నేను ఈ తుండు విప్పి దులిపితే, మీరు వారపోసేది లారీ ముందర గాదు. పీఠంలో. మెల్లగా. పిండి ఎగరకూడదు. తడిసిందంటే అది లేవదు.”

“నువ్వు తుండు దులపవు గదప్పా యెప్పుడూ.”

“అందుకే అదే గుర్తు.”

ప్రతాప్ పీఠం దగ్గర ఆఖరి సంచి పోయించడం ముగించాడు. గుంత అంచుకు జానెడు వెలితి ఉంది. కృపావరం అతని చెవిలో నాలుగు మాటలు చెప్పి, శాఖ కార్డు అరచేతిలో చూపించాడు. ప్రతాప్ మీసాలు వేలాడాయి. “నా పిల్లోళ్లు ఈ తుండు మీదే పండుకుంటారప్పా,” అన్నాడు. “మొగంలో తెలియనియ్యద్దు. మూతపెట్టే పని ఆలస్యం చెయ్యి,” అన్నాడు కృపావరం.

మొహంలో తెలియనివ్వలేదు ప్రతాప్. కానీ పొగాకు నములుదామని డబ్బీ తీసినవాడు ఆగిపోయాడు. తొట్టి దగ్గరికి పోయి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. ఇరవై ఏళ్లలో అతను పొగాకుకు చేతులు కడుక్కోవడం అదే మొదటిసారి.

అప్పుడే వచ్చి షెడ్డు ముందు ఆపిన కారు పక్క నుంచి హేమలత అది చూసింది.

ఆమెకు అంతే చాలు. సంచిలోంచి మాస్కు తీసి ముఖానికి బిగించుకుంది. కళ్లకు అద్దం, రెండు చెంపల మీద గుండ్రటి ఫిల్టర్లు. ఆరు అంగల్లో షెడ్డులోకి వచ్చి, విగ్రహాల మీద దుమ్ము ఊదే కంప్రెసర్ గన్ అందుకుంది. గొట్టం మూతి పీఠం గుంతలోకి పెట్టింది. కంప్రెసర్ ట్యాంకు నిండుగా ఉంది.

“ఎవరూ కదలొద్దు.” మాస్కులోంచి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. “కృపావరం, ఇదేంటో నీకు తెలుసు కదా? విప్పి చెప్పాలా?”

“వాళ్లకు విప్పి చెప్పమ్మా. రెండు నెలలుగా పీలుస్తాండారు.”

“ట్రిగ్గరు నొక్కితే ముప్పై కిలోలు గాలిలో ఉంటాయి. ఈ షెడ్డులో ముప్పై మంది ఉన్నారు. నాకు మాస్కు ఉంది. మేస్త్రీ! మూత బిగించు. క్రేనుతో ఎక్కించు. లారీ చాగలమర్రి దాటి, కడప దాటేవరకు నేను దాని పక్కనే ఉంటాను. ఈ పొడి నా చేతిలో ఉన్నంతసేపు మీ జీపులు దగ్గరికి రాలేవు.”

ఉలి కింద పడిన చప్పుడు ఎక్కడో వినిపించింది. ఆడవాళ్లు బిందెలతో అలాగే నిలబడ్డారు. వాళ్లను ఆమె లెక్కలోకి తీసుకోలేదు. మాస్కు అద్దంలోంచి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కలు కనిపించవు. ఆమె ఎడమ భుజం వెనక రెండు అడుగుల దూరంలో లింగమ్మ ఉంది.

లింగమ్మకు దగ్గు వస్తోంది. పెదవులు బిగించి ఆపుకుంటోంది. మెడ నరాలు ఉబ్బాయి.

కృపావరం ముఖానికి కట్టిన తుండు ముడి మీద చెయ్యి పెట్టాడు. నాలుగు రోజులుగా అతని ఊపిరికి అదొక్కటే అడ్డం. విప్పాడు.

“ఏం చేస్తున్నావు?” అంది హేమలత.

“పని ఆపుతాండా.”

అతను తుండు రెండు చేతులా పట్టుకుని టపటపా దులిపాడు.

ఆమె ఒక్క క్షణం అర్థంకాక చూసింది. ఆ పొడి గురించి తెలిసినవాడు చేసే పని కాదది. ఆ ఒక్క క్షణంలో లింగమ్మ అడుగు ముందుకు వేసి, బిందె నడుము మీద వంచింది. పసుపునీళ్లు ధార తెగకుండా పీఠంలోకి జారాయి. వెనకే రెండో బిందె. మూడోది. చుక్క ఎగరలేదు.

హేమలత ట్రిగ్గరు నొక్కింది.

గాలి బుస్సుమంది. గుంతలోంచి జారు ముద్ద ఒకటి లేచి ఆమె మాస్కు అద్దం మీద పడి, కల్లాపి చల్లినట్టు కిందికి కారింది. అంతే. నాలుగో బిందె, ఐదో బిందె పడ్డాయి. ప్రతాప్ పరుగెత్తి కంప్రెసర్ వాల్వు తిప్పేశాడు. గన్ రెండుసార్లు ఈలవేసి ఆగిపోయింది.

కృపావరం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. లింగమ్మ ఖాళీ బిందె కింద పెట్టి, గోడకు ఆనుకుని, అప్పటిదాకా ఆపుకున్న దగ్గంతా దగ్గింది.

“ఏం మడమ్మా నీది?” అంది దగ్గు నడుమ. “మేము పోతే నీకు అంటు గూడ లేదా?”

హేమలత మాస్కు తీయలేదు.

*

జీపులు వచ్చేసరికి షెడ్డు ఖాళీ అయింది. పీఠం మీద తడి గోనెలు, వాటి మీద టార్పాలిన్. హైదరాబాద్ నుంచి తెల్లసూట్లు తొడుక్కున్న బృందం వచ్చి నాలుగు రోజులు తడిగుడ్డలతో గోడలు తుడిచింది. ఒక్క చీపురు ఆడలేదు. హేమలత ఫోనులో దొరికిన నంబర్లతో చెన్నై రేవులో మరో ఇద్దరు పట్టుబడ్డారు.

ఆ రోజే షెడ్డు వెనక పరదాలు కట్టి, నీళ్ల ట్యాంకరు తెప్పించి, మేస్త్రి మొదలు కూలీ దాకా, బిందెలు మోసిన ఆడవాళ్లతో సహా అందరికీ తలకు పోయించారు. విప్పిన గుడ్డలు కవర్లలో మూతి కట్టారు. తుండ్లన్నీ పోయాయి. ప్రతాప్ తన తుండు ఇవ్వడానికి కాసేపు మొండికేశాడు. అది వాళ్ల నాయనది.

అందరి నెత్తురూ పరీక్షకు పోయింది. ఐదుగురికి తేడా కనిపించింది. లింగమ్మ ఊపిరితిత్తులు కొంత పాడయ్యాయి. పోయింది రాదు, ఇకపై పోకుండా చూస్తామన్నారు డాక్టర్లు. మందులు మొదలుపెట్టారు. దుర్గకు ఏమీ లేదు. ఆ కాగితం చదివించుకుని లింగమ్మ మూడుసార్లు మళ్లీ చదవమంది. కృపావరానికి ఇప్పటికి ఏమీ లేదు. ఏడాదికొకసారి చూపించుకోవాలి.

పదిహేను రోజులకు నంద్యాల ఆస్పత్రి వరండాలో లింగమ్మ కనిపించింది. ముఖం కొంచెం తేరుకుంది.

“అవుకన్నా, మూడో షెడ్డు మళ్లీ తెరిచినారప్పా. రాయి కోసేటప్పుడు నీళ్లు పెడతాండారు. ఎవురన్నా తుండు దులిపితే ప్రతాప్ ఉలి తీసుకోని ఎగబడతాడు. సాయంత్రం అందరమూ తానం చేసే ఇంటికి పోతాం. ఊర్లో మమ్మల్ని మడోళ్లు అంటాండారు.”

కృపావరం ఆ మాట విత్తనాల అంగడిలో చెప్పాడు. గోడ మీద జాన్ ఫొటో కింద కూర్చుని వరదరాజులు నామం సవరించుకున్నాడు. సీతాకోక ఫైలు మూసిన రోజు నుంచి ఆయన నవ్వలేదు. ఇప్పుడు మీసం లేని పెదవి కొంచెం కదిలింది.

“మా ఇంట్లో ఏడు తరాలుగా మడి కట్టినాం కృపావరం. ముప్పై మంది చేత ఒక్క పూటలో కట్టించినోడు మా వంశంలో ఎవరూ లేరు.”

“అయ్యోరా,” అన్నాడు కృపావరం, కౌంటరు తలుపు గొళ్లెం వేస్తూ, “ఈ ఒక్క మాట మా పాస్టరు కాడ అనొద్దండి.”